నాటకం మధ్యలో చీకట్లో హత్య: సెకన్ల లెక్క నిలబడుతుందా? (ఫోరమ్ చర్చ; శీర్షికల్లో ఉన్నవి రాసినవాళ్ల మారుపేర్లు)

ప్రశ్న: మూడో అంకం

పాత బాణీ డిటెక్టివ్ నవల ఒకటి రాస్తున్నాను. ఒక హత్య, ఆరుగురు అనుమానితులు, చివర్లో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ముడి విప్పడం. కథ జరిగేది నాటకశాలలో, కాలం 1970లు. కథ సంగతి నేను చూసుకుంటాను. స్టేజి తెలిసినవాళ్లు చదివినప్పుడు "ఇలా జరగదు" అని పుస్తకం మూసెయ్యకూడదు, అదీ నా భయం.

రెండంకాల నాటకం. మొదటి అంకం చివర ఇంటి యజమాని పాత్రధారి హాల్లో బల్ల పక్కన నిలబడి ఉంటాడు. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. చీకట్లో గోడగడియారం టిక్కుటిక్కుమంటుంటుంది (స్పూల్ టేపు). "ఎవరది?" అని కేక, మనిషి పడ్డ చప్పుడు. దీపాలు వెలుగుతాయి. ఛాతీలో కత్తి పిడితో యజమాని శవం. కూతురు వచ్చి మీద పడి ఏడుస్తుంది, గడియారం తొమ్మిది కొడుతుంది, తమ్ముడు పాత్రధారి ఒక డైలాగు చెబుతాడు, తెర. స్క్రిప్టు ప్రకారం చీకట్లో ఎవరూ ఎవరినీ పొడవరు. యజమాని పాత్రధారే బల్ల సొరుగులోంచి ఉత్తుత్తి పిడి తీసుకుని, చొక్కా కింద కట్టుకున్న రేకుకి తగిలించుకుని, రంగు సంచి నొక్కి పడిపోతాడు. ఆ రాత్రి తెర పడ్డాక అతను లేవడు. నిజమైన కత్తే దిగి ఉంటుంది.

ఆ క్షణంలో స్టేజి మీద భార్య, కూతురు, తమ్ముడు, స్నేహితుడు పాత్రధారులు నలుగురు. వింగులో (స్టేజి పక్క చాటులో) ప్రాంప్టర్, అంటే నటులకి డైలాగులు అందించే ఆయన. స్టేజి ముందు హార్మోనియం వాయించే ఆయన. వీళ్లే ఆరుగురు అనుమానితులు.

నా ప్రశ్నలు: చీకటి ఇరవై సెకన్లు పెట్టాను, సరిపోతుందా? చీకట్లో ఎవరికి ఏం కనిపిస్తుంది? డాక్టరు చావు వేళ చెప్పగలడా? కత్తికి బదులు తుపాకీ అయితే తేలికా? అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరూ చూడని హత్యని డిటెక్టివ్ దేన్ని పట్టుకుని రుజువు చేస్తాడు?

జవాబు: వింగు పక్కన

ఇరవై సెకన్లు వదిలెయ్యండి. నాటకంలో చీకటి మూడు నుంచి ఆరు సెకన్లు. ఎనిమిది దాటితే హాల్లో దగ్గులు మొదలవుతాయి, ఇంకొంచెం సాగితే కరెంటు పోయిందనుకుని వెనక్కి తిరిగి చూస్తారు. అంకం చివర, ఊపు మీదున్న చోట, ఏ దర్శకుడూ ఇరవై సెకన్లు పెట్టడు. మీ నాటకంలో మామూలు రోజున ఇది అయిదు సెకన్లనుకోండి. పిడి తగిలించుకుని పడిపోవడానికి అలవాటైన నటుడికి అది చాలు.

ఇప్పుడు హంతకుడి నడక. వెలుతురులో సెకనుకి నాలుగడుగుల దూరం నడిచే మనిషి, తెలిసిన స్టేజి మీదైనా సరే, చీకట్లో చప్పుడు చెయ్యకుండా నడిస్తే రెండడుగులకు మించి పోలేడు. స్టేజి ముఖం ముప్ఫై అడుగులుంటే ఈ వింగు నుంచి ఆ వింగుకి పదిహేను సెకన్లు, తిరిగి రావడానికి మరో పదిహేను. కాబట్టి దూరం నుంచి వచ్చినవాడు కాడు. యజమానికి ఎనిమిదడుగుల లోపు ఉన్నవాడే అయ్యుండాలి. పోవడానికి నాలుగు, పొడిచి పట్టుకుని మెల్లగా నేల మీద పడుకోబెట్టడానికి నాలుగు, తిరిగి రావడానికి నాలుగు. మొత్తం పన్నెండు.

అంటే రోజూ అయిదు సెకన్లుండే చీకటి ఆ రాత్రి పన్నెండు సెకన్లుంది. మీ నవల మొత్తం ఈ ఏడు సెకన్ల మీద నిలబెట్టవచ్చు. వాటిని సాగదీసిందెవరు?

దీపాలు మళ్లీ ఎప్పుడు వెయ్యాలన్నది రెండు రకాలుగా రాసుకుంటారు. ఒకటి, లెక్క: లైట్ల బోర్డు దగ్గరున్నవాడు మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టి వేస్తాడు. రెండోది, చప్పుడు: మనిషి పడ్డ చప్పుడు వినపడగానే వేస్తాడు. నటుడు ఇంకా పడకముందే వెలుగొస్తే సీను నవ్వులపాలవుతుంది కాబట్టి ఇలాంటిచోట చాలామంది చప్పుడునే నమ్ముకుంటారు. మీ ప్రాంప్టు కాపీలో (ప్రాంప్టర్ చేతిలో ఉండే, గుర్తులు రాసుకున్న స్క్రిప్టులో) ఆ డైలాగు పక్క మార్జిన్‌లో "పడిన చప్పుడు - లైట్లు" అని పెన్సిల్‌తో రాసి ఉంచండి. ఇక చీకటి ఎంతసేపుండాలన్నది లైట్లవాడి చేతిలో లేదు, చప్పుడు చేసేవాడి చేతిలో ఉంది. హంతకుడు శవాన్ని చప్పుడు కాకుండా దించి, తన చోటికి వెళ్లి నిలబడి, అప్పుడు చప్పుడు చేస్తాడు. దీపాలు వెలుగుతాయి. ఎవరి చోటులో వాళ్లున్నారు.

ఈ ఏర్పాటు తెలిసినవాళ్లు ఎందరు? దర్శకుడికి, లైట్లవాడికి, ప్రాంప్టర్‌కి, చనిపోయిన నటుడికి తెలిసి తీరాలి. మిగతా నటులకి తెలియనక్కర్లేదు. వాళ్లకి దీపాలు ఆరాయి, వెలిగాయి, అంతే. తెలియనక్కర్లేని మనిషికి తెలిసిందని రుజువు చెయ్యడమే మీ డిటెక్టివ్ పని.

జవాబు: డిమ్మర్

పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను. కళ్ల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే చీకటి హత్యల్లో రచయితలు తప్పటడుగు వేసేది ఎక్కువగా ఇక్కడే.

బాగా వెలుగులో ఉన్న కన్ను చీకటికి అలవాటు పడటానికి చాలా సేపు పడుతుంది. మొదటి అయిదు పది నిమిషాల్లో కొంత, పూర్తిగా కావాలంటే ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు. స్టేజి మీద వెయ్యి వాట్ల దీపాల కింద నిలబడ్డ నలుగురు నటులూ ఆ పన్నెండు సెకన్లూ దాదాపు గుడ్డివాళ్లే. స్టేజి వెలుగునే చూస్తూ కూర్చున్న ప్రేక్షకులూ అంతే. వింగులో అరగంటగా చీకట్లో ఉన్న మనిషికి మాత్రం అంతో ఇంతో ఆకారాలు కనిపిస్తాయి. మీ ప్రాంప్టర్ స్క్రిప్టు మీద చిన్న దీపం పెట్టుకుని చదువుతుంటాడు కాబట్టి అతని కళ్లు కూడా పాడైనట్టే. ఆ దీపానికి నీలం కాగితం చుట్టారా లేదా అన్నది మీరు ముందే తేల్చుకోండి.

దీనివల్ల మీకొక మంచి అబద్ధం దొరుకుతుంది. వెలుగులో నిలబడ్డ నటుల్లో ఒకరు "చీకట్లో ఎవరో వింగు వైపు పోవడం లీలగా చూశాను" అని పోలీసులకి చెబితే, అది చూడటానికి వీల్లేనిది. హంతకుడే చెప్పాలని లేదు, ఇంకొకరిని కాపాడటానికి చెప్పినా సరే. పాఠకుడికి మాత్రం కళ్ల సంగతి అంతకుముందే తెలిసి ఉండాలి.

మరి హంతకుడికి ఎలా కనిపించింది? రెండు దారులు. దీపాలారక ముందే నాలుగైదు నిమిషాలు ఒక కన్ను మూసుకుని ఉంచితే ఆ కన్ను కొంత పనిచేస్తుంది. ముఖం ప్రేక్షకులకి కనపడకుండా, పక్కకి తిరిగి నిలబడే పాత్ర అయితేనే ఇది సాధ్యం. రెండోది, కనిపించాల్సిన పనే లేదు: మెట్టు దిగి నాలుగు అంగలు, బల్ల అంచు తగిలితే ఎడమకి. నలభై రిహార్సళ్లు చేసిన నటుడికి ఇది కష్టం కాదు. నేనైతే రెండోదే రాస్తాను.

నేల మీద మెరిసే గుర్తులు వాడాలనుకుంటే జాగ్రత్త. అవి వెలుగు తాగి చీకట్లో వదులుతాయి. మీ కాలంలో దొరికేది జింక్ సల్ఫైడ్ రకం, కొన్ని నిమిషాల్లోనే బాగా మసకబారుతుంది. గంటలకొద్దీ మెరిసే రకం 1990ల్లో వచ్చింది. దాని మీద తివాచీ పరిచి ఉంటే వెలుగు తగలదు, మెరవదు.

ఇంకో రెండు. ఫిలమెంటు దీపం స్విచ్చి తీసిన వెంటనే ఆరదు, ఎర్రగా మారి ఆరిపోవడానికి దాదాపు ఒక సెకను. ఆ ఎర్ర సెకనులో కదిలినవాడు ముందు వరసకి కనిపిస్తాడు. తర్వాత, హాలు ఎప్పుడూ నిండు చీకటి కాదు. బయటికి పోయే తలుపుల మీద దీపాలు వెలుగుతూనే ఉంటాయి. వాటికి ఎదురుగా తెల్ల చొక్కా కదిలితే తెలుస్తుంది. హంతకుడు వేసే పాత్రకి నల్ల కోటు తొడగండి, అయితే ఆ కోటు ఎందుకు తొడిగారన్నది మొదట్లోనే మామూలు కారణంతో చెప్పేయండి.

1970లు ఎంచుకోవడం మంచి పని. ఇప్పటి పెద్ద నాటకశాలల్లో స్టేజి మేనేజరు ముందు చీకట్లోనూ చూపించే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా తెర ఉంటుంది. అక్కడ మీ నవల రెండో పేజీలోనే అయిపోతుంది.

జవాబు: ఆహార్యం

కత్తి, రక్తం, శరీరం గురించి.

తుపాకీ వద్దు. చీకట్లో పేల్చితే గొట్టం మొనన వచ్చే మంట ఫొటో ఫ్లాష్‌లా హంతకుడి ముఖాన్నే చూపిస్తుంది. పైగా ఉత్తుత్తి తూటా (మందు ఉండి, మొన లేనిది) కూడా దగ్గర నుంచి ప్రాణం తీయగలదు, వాయువు, బిరడా అంత వేగంతో వస్తాయి. తుపాకీతో వచ్చే కథ వేరే రకం. నటుడు బ్రాండన్ లీ 1993లో చిత్రీకరణలో చనిపోయింది అలాగే: అంతకుముందు వాడిన డమ్మీ తూటా (మొన ఉండి, మందు తీసేసినది) మొన గొట్టంలో ఇరుక్కుని ఉండగా, తర్వాత పేల్చిన ఉత్తుత్తి తూటా దాన్ని బయటికి తోసింది. అలాంటి హత్యలో హంతకుడు స్టేజి మీద ఉండనక్కర్లేదు. మీకు కావలసింది సెకన్ల లెక్క కాబట్టి కత్తే సరి.

మీ నాటకంలో ఉత్తుత్తి పిడి ఉండటం అదృష్టం. ప్రాపర్టీలు (స్టేజి మీద వాడే వస్తువులు) చూసేవాడు నాటకానికి ముందు బల్ల సొరుగులో పిడి పెట్టి జాబితాలో టిక్కు పెడతాడు. తెర పడ్డాక శవం ఛాతీలో నిజం కత్తి. మరి ఉత్తుత్తి పిడి ఎక్కడుంది? సొరుగులోనే. అంటే అతను దాన్ని తీసుకునేలోపే పొడిచారు. చొక్కా కింద రంగు సంచి చిట్లకుండా ఉంటే ఇంకా గట్టి రుజువు. అతను రోజూ ఏ వరసలో చేస్తాడో (సొరుగు, పిడి, రేకు, సంచి, పడటం) రిహార్సల్ సీనులో ఒకసారి చూపించండి. వరసలో ఏ పని దగ్గర ఆగిపోయాడో అదే మీ గడియారం. కేక వేశాడు, సొరుగు తెరవలేదు: చీకటి పడ్డ నాలుగో సెకనుకి హంతకుడు పక్కనే ఉన్నాడు.

నిజం కత్తి పిడి ఉత్తుత్తి పిడిలాగే ఉండాలి, లేకపోతే దీపాలు వెలగ్గానే కూతురు పాత్రధారి గుర్తుపడుతుంది. రేకు సంగతి మర్చిపోకండి: ఛాతీ మధ్యలో అరచేయంత రేకు కట్టుకుని ఉన్నాడు. హంతకుడు దాని పక్కగా పొడవాలి. రేకు ఎక్కడుందో తెలియనివాడు కొడితే కత్తి జారుతుంది. రేకు అంచు మీద చిన్న గీత పడిందని పోస్టుమార్టంలో రాయిస్తే, అది అప్పటికి ఎవరికీ అర్థం కాకపోయినా పర్వాలేదు.

రక్తం: స్టేజి రక్తం గ్లూకోజు పాకంలో తినే రంగు కలిపింది. గడ్డకట్టదు, ఎండితే జిగటగా, ఎర్రగానే ఉంటుంది. నిజం రక్తం కొన్ని నిమిషాల్లో గడ్డకట్టడం మొదలవుతుంది, ఎండితే గోధుమ నలుపు. నీలం వెలుగులో రెండూ నల్లగానే కనిపిస్తాయి, అందుకే స్టేజి మీద వెంటనే ఎవరికీ తేడా తెలియలేదని రాయొచ్చు. మామూలు దీపం కింద నమ్మించలేరు.

ఇక్కడ మీ కథలో పెద్ద చిక్కుంది. కత్తి గుండెకి తగిలినా మనిషి సినిమాలోలాగా ఆ క్షణమే పోడు. మెదడుకి రక్తం పూర్తిగా ఆగిన తర్వాత కూడా స్పృహ పోవడానికి సుమారు పది సెకన్లు పడుతుంది, గాయాన్ని బట్టి ఇంకా ఎక్కువ కూడా. అంటే దీపాలు వెలిగి కూతురు మీద పడేసరికి అతనికి కొంచెం స్పృహ ఉండొచ్చు. దీన్ని దాచకండి, వాడుకోండి. ఆమె చెవిలో ఒక మాట అంటాడు. శవం పాత్ర వేసే నటుడు తెర పడేలోపు ఏదో గొణిగి ఏడిపిస్తున్నాడని ఆమె అనుకుంటుంది.

చావు వేళ గురించి డాక్టరు మీకు సాయం చెయ్యడు. శరీరం బిగుసుకోవడం దవడ దగ్గర మొదలయ్యేది రెండు నుంచి నాలుగు గంటల తర్వాత. రక్తం కిందికి దిగి చర్మం మీద మచ్చలు కనపడటానికి అరగంట నుంచి రెండు గంటలు. మొదటి గంటలో ఒంటి వేడి పెద్దగా తగ్గదు, పైన మందపాటి వేషం కూడా ఉంది. అరగంటలో వచ్చిన డాక్టరు "గంట లోపు" అనగలడు. సెకన్లు చెప్పగలిగేది స్క్రిప్టు ఒక్కటే.

తిరుగు ప్రశ్న: మూడో అంకం

అందరికీ కృతజ్ఞతలు. మీరన్నవి కలిపి చూస్తే హంతకుడు తమ్ముడు పాత్రధారే అవుతాడు. సెట్టులో అతను మేడమెట్ల మలుపు మీద, అంటే రెండడుగుల ఎత్తు అరుగు మీద నిలబడతాడు. బల్లకి ఎనిమిదడుగులు.

ఒక అనుమానం. లైట్లవాడు రోజూ ఒకే చప్పుడు వింటాడు. ఆ రాత్రి చప్పుడు కాలితో చేసిందని అతనికి తేడా తెలిసిపోదా?

జవాబు: వింగు పక్కన

ఇది మంచి ప్రశ్న. నేను ముందే చెప్పాల్సింది.

రోజూ వినిపించే చప్పుడు మనిషి బరువుది కాదు. స్టేజి మీద పడటం నేర్చుకున్న నటుడు దెబ్బ తగలకుండా మడతలుగా దిగుతాడు: మోకాలు, తొడ, నడుము పక్క, భుజం. ఇలా దిగితే చప్పుడే రాదు. అందుకని చివర్లో అరచేత్తో నేల మీద గట్టిగా చరుస్తాడు. హాలు వినేది ఆ చరుపు. కాబట్టి దాన్ని అనుకరించడం ఏమంత కష్టం కాదు, బూటు మడమతో ఒక్క దెబ్బ చాలు.

పైగా తమ్ముడు నిలబడ్డది అరుగు మీద. ఆ అరుగు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చెక్క చట్రం, పైన ముప్పావు అంగుళం ప్లైవుడ్, కింద బోలు. డప్పులా మోగుతుంది. సెట్టు చేసేవాళ్లు నటుల అడుగులు మోగకుండా దాని కింద గోనెపట్టా కట్టి, పైన తివాచీ పరుస్తారు. ఆ పట్టా ఆ రాత్రి ఊడదీసి ఉంటే? మెట్ల కింద ధూళిలో నాలుగు మేకుల బెజ్జాలు, పట్టా లేదు. డిటెక్టివ్ వంగి చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు. స్నేహితుడు, భార్య, కూతురు నిలబడ్డది మామూలు నేల. అక్కడ మడమతో కొడితే పొడిగా "టప్"మంటుంది, పడ్డట్టుండదు.

ఇప్పుడు అసలు విషయం. లైట్లవాడి వాంగ్మూలం ఇలా రాయండి: "ఆ రాత్రి చప్పుడు రోజూలాగే చక్కగా వినపడిందండీ, అందుకే వెంటనే వేశాను." అందరూ దాన్ని ఏ తేడా జరగలేదనడానికి సాక్ష్యంగా తీసుకుంటారు. కానీ కత్తి దిగిన మనిషి అరచేత్తో నేల చరవడు. చప్పుడు రోజూలాగే ఉండటమే తప్పు.

జవాబు: డిమ్మర్

చిన్న సవరణ. లైట్ల బోర్డు హాలు వెనక, అద్దాల గదిలో పెట్టండి. వింగులో పెడితే చప్పుడు ఎటువైపు నుంచి వచ్చిందో అతని చెవికే తెలిసిపోతుంది. అద్దాల వెనక ఉంటే స్టేజి ముందున్న ఒక్క మైకు, గదిలో ఒక్క చిన్న స్పీకరు ద్వారా వింటాడు. దిక్కు పోతుంది. చిన్న స్పీకరు లోతైన ధ్వనిని పలికించదు కాబట్టి అరుగు మోతకీ అరచేతి చరుపుకీ తేడా కూడా చాలావరకు పోతుంది. దిక్కు చెప్పగలిగేది ముందు వరసల్లో కూర్చున్నవాళ్లు.

అక్కడ ఇంకో తికమక మీకు పనికొస్తుంది. స్టేజి మనుషులు కుడి ఎడమలు నటుడి వైపు నుంచి చెప్పుకుంటారు, ప్రేక్షకులు తమ వైపు నుంచి. నటుడి కుడి ప్రేక్షకుడికి ఎడమ. ముందు వరస సాక్షి "చప్పుడు ఎడమ నుంచి వచ్చింది" అంటాడు. ఇన్‌స్పెక్టరు ప్రాంప్టు కాపీలోని పటం ముందేసుకుని ఎడమ అంటే ప్రాంప్టర్ వింగు అనుకుంటాడు. మెట్లు అటువైపు లేవు, నటుడి కుడి వైపున్నాయి. ప్రాంప్టర్ మీద అనుమానం వంద పేజీలు నడుస్తుంది, ఒక్క అబద్ధం చెప్పకుండా.

జవాబు: చివరి అధ్యాయం

స్టేజి సంగతులు తేలాయి కాబట్టి కూర్పు గురించి. ఈ రకం నవలకి ప్రాణం ఒక్కటే: డిటెక్టివ్‌కి తెలిసిన ప్రతిదీ పాఠకుడి కళ్ల ముందు నుంచి పోయి ఉండాలి. రోనాల్డ్ నాక్స్ 1929లో రాసిన పది నియమాల్లో ఆధారాలు దాచకూడదనేది ఒకటి. కవలలనీ ఒకేలా ఉండే మనుషులనీ ముందు సిద్ధం చెయ్యకుండా తేకూడదనేది మరొకటి. నాటకరంగంలో మారువేషం, బదులు నటుడు మరీ అందుబాటులో ఉంటాయి కాబట్టి రెండోది మీకు బాగా వర్తిస్తుంది. తమ్ముడి వేషంలో ఇంకెవరో నిలబడ్డారనే దారి పట్టకండి.

"పడిన చప్పుడు - లైట్లు" అన్న ఏర్పాటుని పాఠకుడికి వివరణగా చెబితే అక్కడే పట్టేస్తాడు. గొడవగా చెప్పండి. రిహార్సల్లో దీపాలు ఆలస్యమయ్యాయి. దర్శకుడు కేకలేశాడు. లైట్లవాడు కోపంగా "ఆయన గట్టిగా పడితే గదా నాకు వినపడేది" అన్నాడు. యజమాని పాత్రధారి ఎర్రబడ్డ అరచెయ్యి చూపించి "ఇంకెంత గట్టిగా కొట్టమంటావయ్యా" అన్నాడు. చదివేవాడు ఇందులో ఇద్దరి అహంకారాలు చూస్తాడు. మీకు కావలసిన రెండు ఆధారాలూ (చప్పుడుతోనే దీపాలు, చప్పుడు చేసేది అరచెయ్యి) అక్కడే పడిపోయాయి. ఆ గొడవ సమయంలో తమ్ముడు పాత్రధారి మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడని అదే పేరాలో, మధ్యలో, ఒక్క వాక్యం. చివర్లో పెట్టకండి, పేరా చివరి వాక్యం అందరికీ గుర్తుంటుంది.

ఏడు సెకన్లు రుజువు చేసేదెలా? మీ గడియారం ఉందిగా. టేపు దీపాలారిన క్షణంలోనే మొదలవుతుంది. సెకనుకి ఒక టిక్కు, పదో సెకనుకి తొమ్మిది గంటలు కొట్టడం మొదలు, గంటకీ గంటకీ మధ్య ఒకటిన్నర సెకను. మామూలు రోజున దీపాలు అయిదో సెకనుకే వెలుగుతాయి కాబట్టి తొమ్మిది గంటలూ వెలుతురులోనే మోగుతాయి. ఆ రాత్రి పన్నెండో సెకనుకి వెలిగాయి. రెండు గంటలు చీకట్లో, ఏడు వెలుతురులో. హాల్లో ఉన్న వాళ్లందరూ విన్నారు, కానీ అది తప్పని నాటకం మొదటిసారి చూసేవాళ్లకి తెలిసే వీల్లేదు. హత్య సీను వర్ణించేటప్పుడు "చీకట్లో గడియారం కొట్టడం మొదలుపెట్టింది" అని మామూలుగా రాసి ముందుకి పొండి. రిహార్సల్ సీనులో మాత్రం గంటలు కొట్టేటప్పుడు కూతురు పాత్రధారి తల ఎత్తి గడియారం వైపు చూసిందని రాసి ఉండాలి. చీకట్లో ఎవరూ గడియారం వైపు చూడరు.

టేపుకి ఒక హెచ్చరిక: స్పూల్ యంత్రం వేగం అందుకోవడానికి కొంత సమయం పడుతుంది. అందుకని ఒక సెకను అటూ ఇటూ అని డిటెక్టివ్ చేతనే ఒప్పించండి. ఒక సెకను పోయినా ఆరు మిగులుతాయి. అనుమానం తనే పైకి తెచ్చి తీర్చే డిటెక్టివ్‌ని పాఠకుడు నమ్ముతాడు.

చనిపోయేవాడి చివరి మాట గురించి. ఈ ఎత్తు బాగా అరిగిపోయింది, అయినా మీ దగ్గర హార్మోనియం ఉంది కాబట్టి వదులుకోవద్దు. అతను "మెట్లు..." అంటాడు. కూతురు పాత్రధారి అదే చెబుతుంది. హార్మోనియం మెట్లనుకుని పోలీసులు వాయిద్యం విప్పదీసి చూస్తారు, అందులో హార్మోనియం ఆయన దాచుకున్న వేరే రహస్యం ఒకటి దొరుకుతుంది. మేడమెట్లు స్టేజి మధ్యలో అందరి కళ్లెదుటే ఉంటాయి, కానీ అవి అట్టతో చెక్కతో చేసినవి గనక ఎవరూ వాటిని మెట్లనుకోరు. అయితే నేరం దీని మీద నిరూపించకండి. చివరి మాట దారి తప్పించడానికే, రుజువు గంటలది, గోనెపట్టాది.

మిగతా అయిదుగురిని ఒక్కొక్క వాస్తవంతో తప్పించాలి, మంచితనంతో కాదు. హార్మోనియం ఆయన చీకట్లో శ్రుతి పట్టి ఉంచాడు, ఒక చెయ్యి తిత్తి మీద, ఒక చెయ్యి మెట్ల మీద, శ్రుతి తెగలేదు. ప్రాంప్టర్ పదిహేనడుగుల దూరం. భార్య పాత్రధారి చేతులకి గలగలలాడే గాజులు, చీకట్లో అవి వినపడలేదు. కూతురిది నిలబడ్డ చోటు దగ్గరే, కానీ మోగే అరుగు లేదు. స్నేహితుణ్ణి అన్నిటికంటే చివర వదలండి, దగ్గర, కోటు, కారణం మూడూ ఉన్నవాడు అతనే. అతన్ని తప్పించేది కూడా చప్పుడే.

మూడో అంకం

చివరి సీనులో డిటెక్టివ్ హత్యని మళ్లీ ఆడించి చూపిస్తాడు. యజమాని బదులు బస్తా పెట్టాలా, మనిషినా?

వింగు పక్కన

బస్తా. అరవై కిలోల ఇసుక నింపి, మనిషి ఎత్తులో తాడుతో కట్టిన పొడుగాటి గోనె. లైట్లవాణ్ణి అద్దాల గదిలో కూర్చోబెట్టి, టేపు పెట్టించి, దీపాలార్పించండి. మొదటిసారి బస్తాని నిజంగా పడెయ్యండి: మెత్తగా, బరువుగా "ధుబ్" అంటుంది, చిన్న స్పీకర్లో సరిగా పలకదు, లైట్లవాడు చెయ్యి ఎత్తి ఆగిపోతాడు. దీపాలు వెలగవు. తొమ్మిది గంటలూ చీకట్లోనే మోగుతాయి. రెండోసారి బస్తాని మెల్లగా దించి, పట్టా లేని అరుగు మీద మడమతో కొట్టించండి. మూడో గంట ఇంకా మోగకముందే దీపాలు వెలుగుతాయి.